తీస్తే పోని సాఫ్ట్‌వేర్: పాత వెర్షన్‌కు వెళ్లే దారి ఏది?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కమిటీ వాళ్లు అడిగినప్పుడు మేము ఈ విషయాన్నే ఎంచుకున్నాం. మేమంటే ఈ హాస్టల్‌లో చదువుకుని, ఇప్పుడు ఆత్మకూరులోనో, నెల్లూరులోనో, ఇంకా దూరంగానో కంప్యూటర్ పనుల మీద బతుకుతున్న కొద్దిమందిమి. పూర్వ విద్యార్థుల సమావేశానికి వచ్చిన ప్రతిసారీ తమ్ముళ్లు మమ్మల్ని అడిగేవి దాదాపు ఇవే. "అన్నా, అప్‌డేట్ అయినప్పటి నుంచి ఫోన్ నత్తలాగా నడుస్తోంది, పాతది మళ్లీ తెప్పించుకోవచ్చా?" "ఈ యాప్ మాకు అక్కర్లేదు, కానీ అన్‌ఇన్‌స్టాల్ అనే బటనే లేదే, ఎందుకని?" మా రోజుల్లో నెట్ సెంటర్లలో ఇదే ప్రశ్న వేరే రూపంలో ఉండేది. "ఎక్స్‌ప్లోరర్ ఏడు తీసేసి మళ్లీ ఆరు వేసేదెట్లా?"

ఇది చిన్న విషయం కాదా అని కొందరికి అనిపించవచ్చు. మన హాస్టల్ పిల్లల సంగతి తీసుకోండి. చాలామందికి ఇంటిల్లిపాదికీ కలిపి ఒకటే ఫోను. స్కాలర్‌షిప్‌కు సంబంధించిన ఓటీపీ దానికే వస్తుంది. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం ఫొటోలు దాంట్లోనే ఉంటాయి. పరీక్షల నోట్సూ దాంట్లోనే. ఎవరో చెప్పారని ఫోన్ మొత్తం రీసెట్ కొట్టేస్తే పాత వెర్షన్ రాకపోగా ఉన్న కాగితాలూ పోతాయి. అందుకే లోపల అసలేం జరుగుతుందో తెలుసుకుంటే, ఏది అడగాలో, ఏది ముట్టుకోకూడదో మనకే అర్థమవుతుంది.

ముందుగా "దానితోపాటే వచ్చిన సాఫ్ట్‌వేర్" అంటే ఏమిటో చూద్దాం. ఉదయగిరి చెక్క స్పూన్లు, గరిటెలు మనకు కొత్త కాదు కదా. కొన్ని వస్తువులకు పిడి వేరుగా చేసి బిగిస్తారు. పిడి నచ్చకపోతే ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. ఒకే చెక్కను తొలిచి చేసిన స్పూనుకు అలా కుదరదు. పిడి తీయాలంటే కోయాలి, కోస్తే ఇక అది స్పూను కాదు. మనం విడిగా తెచ్చి వేసుకున్న సాఫ్ట్‌వేర్ బిగించిన పిడి లాంటిది. కంప్యూటర్‌తోనో ఫోన్‌తోనో వచ్చింది, కంపెనీవాళ్లు చెప్పే మాట ప్రకారం, తొలిచిన పిడి లాంటిది. "వాళ్లు చెప్పే మాట ప్రకారం" అని ఎందుకన్నామంటే, ఆ మాట నిజమా కాదా అని తేల్చడానికి ఒక పెద్ద కోర్టు కేసే నడిచింది.

అమెరికా కోర్టులో 90 సెకన్లు

మైక్రోసాఫ్ట్ వాళ్లు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్‌తో కలిపి ఇవ్వడం 1990లలో మొదలుపెట్టారు. అప్పటికి నెట్‌స్కేప్ అనే బ్రౌజర్‌కు మంచి పేరుంది. విండోస్ కొన్న ప్రతివాడికీ ఎక్స్‌ప్లోరర్ ఉచితంగా, అడగకుండానే వస్తుంటే నెట్‌స్కేప్‌ను వెతుక్కుంటూ ఎవరు పోతారు? 1997 డిసెంబరు 11న న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ ఒక మధ్యంతర ఆదేశం ఇచ్చారు. ఎక్స్‌ప్లోరర్ తీసుకోవాల్సిందేనని కంప్యూటర్ తయారీదారులను బలవంతపెట్టకూడదని దాని సారాంశం. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జవాబు విచిత్రంగా ఉంది. ఎక్స్‌ప్లోరర్ లేని విండోస్ కావాలంటే బాగా పాతబడిన విండోస్ తీసుకోండి, లేదా ఎక్స్‌ప్లోరర్ ఫైళ్లు తీసేసిన విండోస్ తీసుకోండి, అయితే అది పనిచేయదు అన్నారు! పాత వెర్షన్‌కైనా పో, పనిచేయని దానితోనైనా ఉండు అన్నమాట.

తర్వాత విచారణలో జాక్సన్ గారు, కంట్రోల్ ప్యానెల్‌లోని యాడ్/రిమూవ్ ద్వారా ఎక్స్‌ప్లోరర్‌ను 90 సెకన్లలోపే తీసేయగలిగామని, విండోస్ మామూలుగానే పనిచేసిందని చెప్పారు. మైక్రోసాఫ్ట్ ఒప్పుకోలేదు. పోయింది బొమ్మ, కొద్దిపాటి ఫైళ్లు మాత్రమేనని, అసలు కోడ్ అంతా లోపలే ఉందని వాదించింది.

మాకు తెలిసినంతలో ఈ రెండు మాటలూ నిజమే. ఇక్కడే అసలు కిటుకు ఉంది. ఎక్స్‌ప్లోరర్ అంటే మనకు కనిపించే నీలం 'ఇ' అక్షరం ఒక్కటే కాదు. వెబ్ పేజీని చదివి తెర మీద పరిచే యంత్రం ఎంఎస్‌హెచ్‌టిఎంఎల్ అనే మరో ఫైల్‌లో ఉంటుంది. నెట్ నుంచి సమాచారం తెచ్చే పని ఇంకో ఫైల్‌ది. ఈ ఫైళ్లను ఎక్స్‌ప్లోరర్ ఒక్కటే వాడదు. విండోస్ హెల్ప్ పుస్తకం, అవుట్‌లుక్ ఎక్స్‌ప్రెస్, బయటివాళ్లు రాసిన ఎన్నో ప్రోగ్రాములు వాటి మీదే ఆధారపడతాయి. మన మెస్‌లో పొయ్యి ఒకటే, వంటకాలు నాలుగు. సాంబారు వద్దనుకుంటే సాంబారు గిన్నె దించేయవచ్చు. పొయ్యినే ఎత్తేస్తే అన్నం కూడా ఉడకదు.

1998 మే 18న అమెరికా ప్రభుత్వం, కొన్ని రాష్ట్రాలు కలిసి పెద్ద కేసు వేశాయి. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ ఎడ్వర్డ్ ఫెల్టన్, విండోస్ 98 నుంచి ఎక్స్‌ప్లోరర్‌ను తొలగించే ఒక చిన్న ప్రోగ్రాము రాసి చూపించారు. ఆ ప్రోగ్రాము వాడితే విండోస్ మందగిస్తుందని చూపించడానికి 1999 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ కోర్టులో ఒక వీడియో వేసింది. ప్రభుత్వ న్యాయవాది డేవిడ్ బోయిస్ ఆ వీడియోను ఆపి ఆపి చూపించి, కిటికీ పైపట్టీ మీద ఉన్న అక్షరాలను బట్టి చూస్తే ఆ కంప్యూటర్‌లో ఫెల్టన్ ప్రోగ్రాము నడిచినట్టే లేదని పట్టుకున్నారు. ఆ వీడియోతో కంపెనీకి తలవంపులు తప్పలేదు. 2000 జూన్‌లో కంపెనీని రెండు ముక్కలు చేయమని జాక్సన్ తీర్పునిచ్చారు. 2001 జూన్‌లో పై కోర్టు ఆ భాగాన్ని కొట్టేసింది. చివరికి రాజీ కుదిరింది. దాని ఫలితంగా 2002లో విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 1తో, ఎక్స్‌ప్లోరర్ బొమ్మను కనిపించకుండా చేసుకునే సదుపాయం వచ్చింది. కనిపించకుండా చేయడమే, తీసేయడం కాదు. ఇన్నేళ్ల వ్యాజ్యం తర్వాత సామాన్యుడికి దక్కింది ఒక ముసుగు.

ఏడు నుంచి ఆరుకు

ఇక మన నెట్ సెంటర్ల కాలానికి వద్దాం. ఎక్స్‌పీతో 2001లో వచ్చింది ఎక్స్‌ప్లోరర్ 6. అయిదేళ్ల తర్వాత, 2006 అక్టోబరులో ఏడు వచ్చింది. ఆటోమేటిక్ అప్‌డేట్ ద్వారా అది వచ్చి అడిగేది, ఎవరో ఒకరు ఇన్‌స్టాల్ నొక్కేవారు. మెమరీ తక్కువ ఉన్న సిస్టమ్‌లకు అది భారం. మెనూ పట్టీ కనపడక జనం తికమకపడేవారు. ఆరు కోసమే రాసిన ఆఫీసు పేజీలు కొన్ని ఏడులో తెరుచుకునేవి కావు.

"ఎక్స్‌ప్లోరర్ మానేసి ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే పోయేది కదా" అని ఇప్పటివాళ్లు అనవచ్చు. తెలుగువాళ్లకు అది అంత సులువుగా ఉండేది కాదు. అప్పట్లో చాలా తెలుగు పత్రికల సైట్లు యూనికోడ్‌లో కాక, తమ సొంత ఫాంట్లలో ఉండేవి. పేజీతోపాటు ఫాంటును కూడా పంపే మైక్రోసాఫ్ట్ పద్ధతి ఒకటుంది. అది ఎక్స్‌ప్లోరర్‌కు మాత్రమే అర్థమయ్యేది. అదే పేజీని ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వరసగా వచ్చేవి. ఆ ఇబ్బంది తీర్చడానికే వెన్న నాగార్జున గారు 'పద్మ' అనే పొడిగింపు తయారుచేశారు. ఫైర్‌ఫాక్స్‌లో అది పెట్టుకుంటే ఆ పాత ఫాంట్ల అక్షరాలను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. తెలుగు చదివేవారి మీద ఆయన చేసిన ఉపకారం తక్కువది కాదు. కానీ దాని సంగతి తెలిసినవాళ్లు మన వైపు ఎందరు?

సరే, ఏడు నుంచి ఆరుకు దారి ఉండేది. ఏడు ఎక్కేటప్పుడు ఆరుకు చెందిన పాత ఫైళ్లను పారేయదు. సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఐఈ7 అనే దాచిన ఫోల్డర్‌లో భద్రం చేస్తుంది. యాడ్/రిమూవ్‌లోకి వెళ్లి ఎక్స్‌ప్లోరర్ 7ను తీసేయమంటే ఆ పాత ఫైళ్లను తిరిగి వాటి చోట్లలో పెడుతుంది. అంటే నిజానికి మనం ఎక్స్‌ప్లోరర్‌ను తీసేయడం లేదు, దాని మీద పరిచిన కొత్త దుప్పటిని లాగేస్తున్నాం. కింద పాతది ఎప్పటిలాగే ఉంది.

చిక్కు రెండు చోట్ల వచ్చేది. హార్డ్ డిస్కులో చోటు చాలడం లేదని, విండోస్ ఫోల్డర్‌లో నీలం రంగులో కనిపించే ఆ పాత అప్‌డేట్ ఫోల్డర్లను, వాటితోపాటు ఐఈ7 ఫోల్డర్‌ను కూడా కొందరు తుడిచేసేవారు. అక్కడితో వెనక్కి దారి మూసుకుపోతుంది. రెండోది సర్వీస్ ప్యాక్ 3. అది 2008 మే నెలలో అందరికీ వచ్చింది. ఎక్స్‌ప్లోరర్ 7 ఉన్న సిస్టమ్ మీద సర్వీస్ ప్యాక్ 3 వేస్తే, ఆ తర్వాత ఏడును తీసేసే వీలే ఉండదు. ఈ సంగతి మైక్రోసాఫ్ట్ వాళ్లే ముందుగా చెప్పారు. కారణం ఆలోచిస్తే సబబుగానే ఉంది. దాచిపెట్టిన ఆరు ఫైళ్లు సర్వీస్ ప్యాక్ 2 కాలానివి. విండోస్ మిగతా అంతా మూడుకు మారింది. ఇప్పుడు పాత ఫైళ్లు తెచ్చి మధ్యలో పెడితే ఒకదానికొకటి పొసగవు. అందుకని ఆ బటన్‌నే పనిచేయకుండా చేశారు.

దీనికి మందు ఒకటే. హాస్టల్ గదిలో ట్రంకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. అడుగు పెట్టెలో చొక్కా కావాలంటే పై పెట్టె ముందు దించాలి. అలాగే ముందు సర్వీస్ ప్యాక్ 3 తీయాలి, తర్వాత ఎక్స్‌ప్లోరర్ 7 తీయాలి, మళ్లీ సర్వీస్ ప్యాక్ 3 వేయాలి. ఏ అప్‌డేట్ విషయంలోనైనా చివర ఎక్కినదే మొదట దిగాలి. విస్టాకు ఎక్స్‌ప్లోరర్ 7 తోనే పుట్టింది కాబట్టి దాంట్లో ఆరుకు వెళ్లడమన్న మాటే లేదు. అడుగున ఉన్న పెట్టె ఏదో అంతవరకే దిగగలం.

ఆ ఎక్స్‌ప్లోరర్ కథ కూడా ముగిసింది. 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ దానికి సెలవిచ్చింది. విండోస్ 10లో 2023 ఫిబ్రవరి 14న వచ్చిన ఎడ్జ్ అప్‌డేట్‌తో అది తెరుచుకోవడం మానేసింది. చూడండి తమాషా, తీయడానికి వీల్లేదని కోర్టులో అంతగా వాదించినదాన్ని చివరికి వాళ్లే మూసేశారు. అయితే పొయ్యి మాత్రం ఇప్పటికీ ఉంది. పాత పేజీల కోసం ఎడ్జ్ లోపల ఆ పాత యంత్రమే పనిచేస్తోంది.

ఇప్పటి ఫోన్ల సంగతి

ఆండ్రాయిడ్ ఫోన్‌లో జరిగేది అర్థం చేసుకోవడానికి మళ్లీ మన హాస్టల్ చాలు. ఫోన్ మెమరీలో రెండు భాగాలుంటాయి. ఒకటి స్టోర్ రూము లాంటిది, తాళం వార్డెన్ సార్ దగ్గర ఉంటుంది. కంపెనీ ఎక్కించి పంపిన యాప్‌లు అక్కడ ఉంటాయి. మనం చూడగలం, వాడుకోగలం, మార్చలేం. రెండోది మన ట్రంకు పెట్టె. మనం వేసుకున్న యాప్‌లు, ఫొటోలు, నోట్సు అన్నీ అందులో. కంపెనీ యాప్‌కు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు అది స్టోర్ రూములోకి పోదు, తాళం లేదు కదా. మన ట్రంకు పెట్టెలోనే చేరుతుంది. అందుకే అప్‌డేట్ల వల్ల మన చోటు తరుగుతుంది. పాత వెర్షన్ స్టోర్ రూములో అలాగే ఉంటుంది.

ఇప్పుడు "అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్" అనే మాటకు అర్థం తెలిసింది కదా. సెట్టింగ్స్‌లో యాప్స్‌కు వెళ్లి, ఆ యాప్ తెరిచి, పైన మూడు చుక్కలు నొక్కితే చాలా ఫోన్లలో అది కనిపిస్తుంది. నొక్కితే ట్రంకు పెట్టెలోని కొత్తది పోయి స్టోర్ రూములోని పాతది పనిలోకి దిగుతుంది. కానీ అప్పుడు ఫోను ఒక హెచ్చరిక చూపిస్తుంది, ఆ యాప్ డేటా అంతా పోతుందని. దాన్ని చదవకుండా సరే అనవద్దు. ఇంకో మాట, ఇలా వచ్చేది ఫోను కొన్ననాటి వెర్షనే. మీకు కావలసింది మొన్నటి వెర్షన్ అయితే ఇది పనికిరాదు.

ఈ సదుపాయం ఎంత అవసరమో 2021 మార్చి 22, 23 తేదీల్లో లోకమంతా చూసింది. ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే భాగానికి వచ్చిన ఒక అప్‌డేట్ వల్ల జీమెయిల్ లాంటి యాప్‌లు తెరిచిన వెంటనే మూసుకుపోయాయి. వెబ్‌వ్యూ అంటే యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే యంత్రం, పైన చెప్పిన పొయ్యి లాంటిదే. గూగుల్ సరిచేసిన అప్‌డేట్ పంపేలోగా చాలామంది ఆ వెబ్‌వ్యూ అప్‌డేట్‌ను తీసేసి ఊపిరి పీల్చుకున్నారు. స్టోర్ రూములో పాతది ఉండబట్టి సరిపోయింది.

మొన్నటి వెర్షన్ ఏపీకే ఫైల్ ఎక్కడో దొరికింది, వేసుకుందామంటే "యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్" అంటుంది. ప్రతి యాప్‌కూ లోపల ఒక వరస సంఖ్య ఉంటుంది. ఉన్నదానికన్నా తక్కువ సంఖ్య గలదాన్ని పైన వేయనివ్వదు. సంతకం సరిపోలకపోయినా ఒప్పుకోదు. ఈ సంతకమే మనకు రక్ష. ఎవరో మార్చి పెట్టిన దొంగ యాప్ అసలుదాని మీద కూర్చోకుండా ఆపేది అదే. ఇంకా లోతైన కారణం డేటా. కొత్త వెర్షన్ మన వివరాలను కొత్త పద్ధతిలో రాసుకుంటుంది, పాతదానికి ఆ రాత అర్థం కాదు. ఆఫీస్ 2007లో టైపు చేసిన బయోడేటా పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, వర్డ్ 2003 ఉన్న సెంటర్‌లో తెరవలేక ఇంటర్వ్యూ ముందురోజు తిరిగినవాళ్లు మా బ్యాచ్‌ల వాళ్లకు గుర్తుండే ఉంటారు. అదే జబ్బు ఇది.

యాప్ కాక ఫోన్ ఆండ్రాయిడ్‌నే వెనక్కి మార్చాలంటే ఇంకా కష్టం. బూట్‌లోడర్ తాళం తీయాలి, తీస్తే ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నుంచి, పాత వెర్షన్‌కు పోకుండా ఆపే ఏర్పాటు కూడా పెట్టుకునే వీలు కంపెనీలకు వచ్చింది. తాళం తీసిన ఫోన్లలో డబ్బు చెల్లింపుల యాప్‌లు కొన్ని పనిచేయవు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్‌తో ఈ ప్రయోగం వద్దని మా గట్టి సలహా. కంప్యూటర్‌కు తగిలించి ఆదేశాలిచ్చి యాప్ తీసే పద్ధతి ఒకటుంది. దాంతో కూడా ఆ యాప్ మన కళ్లకు కనపడకుండా పోతుందే గాని స్టోర్ రూములోంచి పోదు, రీసెట్ చేస్తే తిరిగి వస్తుంది. అంతకన్నా "డిజేబుల్" నొక్కడం సుఖం.

2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి విద్యార్థులకు ఇచ్చిన ట్యాబ్‌లది వేరే సంగతి. పాఠాలు ముందే ఎక్కించి, ఇతర పనులకు వాడకుండా నిర్వహణ సాఫ్ట్‌వేర్ పెట్టి ఇచ్చారు. అది ఇచ్చినవారు వేసిన తాళం, దాని జోలికి పోవద్దు.

వినియోగదారుడు తీసేసుకోగలగాలి అన్న వాదన మన దేశంలోనూ నడిచింది. 2022 అక్టోబరు 20న కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ముందే వేసి ఇచ్చిన గూగుల్ యాప్‌లను వినియోగదారులు తొలగించుకోకుండా అడ్డుపడరాదని కూడా ఆదేశించింది. 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టింది గాని, తొలగింపు గురించిన ఆదేశాన్ని కొట్టేసింది. ఐరోపాలో మాత్రం 2024లో కొత్త చట్టం అమలుకు వచ్చాక విండోస్‌తో వచ్చే ఎడ్జ్‌ను అక్కడివారు పూర్తిగా తీసేసుకోగలుగుతున్నారు. తొలిచిన పిడి అని ఇన్నాళ్లూ చెప్పింది, చట్టం గట్టిగా అడిగేసరికి బిగించిన పిడి అయిపోయింది! మా అభిప్రాయంలో మనకూ ఆ హక్కు ఉండాలి.

పాతదే మంచిదనుకోవడం కూడా సరికాదు. ఎక్స్‌పీకి భద్రతా అప్‌డేట్లు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయాయి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే వైరస్ అప్‌డేట్లు వేసుకోని విండోస్ కంప్యూటర్లను ప్రపంచమంతటా తాళం వేసి డబ్బులడిగింది. మన రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దానికి విరుగుడు అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే వచ్చి ఉంది. కాబట్టి వెనక్కి వెళ్లేముందు ఎందుకు వెళ్తున్నామో చూసుకోవాలి. స్లో అయిందనే బాధ అయితే ముందు మెమరీ ఖాళీ చేసి చూడండి. వాట్సాప్‌లో పోగైన వీడియోలు తీసేస్తేనే సగం ఫోన్లు కోలుకుంటాయి. ఒక్క యాప్ మాత్రమే ఇబ్బంది పెడుతుంటే ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీలో మూడు చుక్కలు నొక్కి ఆటో అప్‌డేట్ టిక్కు తీసేయండి. లేకపోతే ఇవాళ తీసింది రేపు తెల్లారేసరికి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. కంప్యూటర్‌లో విండోస్ 10 నుంచి 11కు మారినవాళ్లకు వెనక్కి రావడానికి పది రోజులే గడువు. ఆ తర్వాత పాత ఫైళ్లున్న ఫోల్డర్‌ను విండోస్ తనే తుడిచేస్తుంది. ఏది చేసినా ముందు సర్టిఫికెట్ల ఫొటోలు ఇంకో చోట, పెన్‌డ్రైవ్‌లోనో ఈ-మెయిల్‌లోనో, పెట్టుకున్నాకే చేయండి.

పాత వెర్షన్ నిజంగా అవసరమయ్యే పని ఒకటి మన దగ్గరే ఉంది. మన పాత వార్షికోత్సవ సంచికలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కంపోజ్ చేసినవి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, ఆ తర్వాత ఎనిమిది రానేలేదు. అను అక్షరాలు యూనికోడ్ కావు, ఆ ఫైల్‌ను ఫోన్‌లో తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు. డీటీపీ షాపుల్లో ఒక మూల ఎక్స్‌పీ సిస్టమ్ ఇంకా తిరుగుతుంటే దానికి కారణం ఇదే. నెట్ కనెక్షన్ ఇవ్వకుండా ఉంచితే దానివల్ల ప్రమాదమూ తక్కువే. కొత్త కంప్యూటర్‌లోనే వర్చువల్ బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, దాని లోపల ఎక్స్‌పీని నడిపించే పద్ధతి కూడా ఉంది. కొత్తది తీయకుండానే పాతది వాడుకోవచ్చు. పాత సంచికల సీడీలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఈసారి సమావేశానికి వెంట తీసుకురండి. గీతలు పడ్డవైనా సరే. మేము ఆ ఏర్పాటున్న సిస్టమ్ తెస్తాం. ఫైళ్లు తెరిచి పీడీఎఫ్‌లు చేసి, ముందు అట్టలు చిరిగిపోయి ఒక్క కాపీ కూడా మిగలని సంవత్సరాలవి హాస్టల్ లైబ్రరీకి ఇస్తాం.